సీ2 వెన్నుపూసను కొలవాలంటే: ఎండు ఎముకా, సీటీనా, ప్రింట్ తీసిన మోడలా?

కిందటేడాది మా డిపార్ట్‌మెంట్ పీజీ అమ్మాయి ఒక గుడ్డసంచి తెచ్చి నా బల్ల మీద బోర్లించింది. లోపల ముప్ఫై ఒక్క ఆక్సిస్ ఎముకలు, అంటే మెడలో రెండో వెన్నుపూసలు (సీ2). "అన్నీ కొలిచేశాను మేడమ్, పెడికిల్ వెడల్పు సగటు 9.4 మి.మీ. వచ్చింది" అంది సంబరంగా. ఆ కాగితాన్ని వెన్నెముక ఆపరేషన్లు చేసే మా సహోద్యోగికి చూపిస్తే ఆయన నవ్వేశారు. "ఇంత లావు పెడికిళ్లు దేవుడు అందరికీ ఇచ్చి ఉంటే నాకీ టెన్షన్ ఎందుకమ్మా?" అన్నారు. వెర్నియర్‌లో తప్పు లేదు, ఆ పిల్ల చేతిలోనూ తప్పు లేదు. పెడికిల్ అంటే పూస ముందు దిమ్మను వెనక భాగంతో కలిపే ఎముక వంతెన. తను కొలిచింది దాన్ని కాదు, అంతే. పై కీలుతలం పక్కకు చూరులా పొడుచుకొచ్చిన అంచును కూడా కలిపి పట్టేసింది.

మెడ వెన్నుపూసల కొలతల మీద థీసిస్ పెట్టుకుందామనుకునేవాళ్లు నన్ను ఎక్కువగా అడిగేది "ఎముకలు కొలవాలా, సీటీలు కొలవాలా" అని. నేను ముందు వేరే సంగతి అడుగుతాను. ఆ కొలతను ఎవరు వాడతారు, ఏ స్క్రూ కోసం వాడతారు? అది తేలితే పనిముట్టు ఏదో దాదాపు తేలిపోయినట్టే.

ముందు స్క్రూ, తర్వాత స్కేలు

మెడలో మొదటి రెండు పూసలైన సీ1, సీ2 మధ్య పట్టు తప్పినప్పుడు, ప్రమాదంలోనో కీళ్లవాతంలోనో, వాటిని బిగించడానికి సీ2లో స్క్రూ వేసే దారులు ముఖ్యంగా నాలుగు. ఏ దారికి ఏ కొలత కీలకమో అది వేరు.

మొదటిది మాగెర్ల్ 1987లో ప్రచురించిన ట్రాన్స్‌ఆర్టిక్యులర్ స్క్రూ. సీ2 వెనక నుంచి దూరి, పై, కింది కీలుతలాలను కలిపే పార్స్ గుండా పైకెక్కి, కీలును దాటి సీ1లో దిగుతుంది. ఒక్క స్క్రూతో రెండు పూసలూ పట్టుబడతాయి, బిగింపు చాలా గట్టిది. ఇబ్బందల్లా దాని దారి మెదడుకు రక్తం తీసుకెళ్లే వెర్టెబ్రల్ ఆర్టరీకి సరిగ్గా నెత్తి మీదుగా పోతుంది. ఈ ధమని చాలామందిలో సీ6 దగ్గర పూస పక్కనుండే ట్రాన్స్‌వర్స్ రంధ్రంలోకి దూరి, నిచ్చెన ఎక్కినట్టు ఒక్కో పూసా దాటుకుంటూ వస్తుంది. సీ2లోకి వచ్చేసరికి నిటారుగా పోదు, పక్కకు ఒంగుతుంది. ఆ ఒంపు పై కీలుతలం కింద ఎముకను తొలిచి గుంట చేస్తుంది. గుంట ఎంత లోతైతే పైన స్క్రూకు మిగిలే ఎముక అంత పల్చన. కాబట్టి ఈ స్క్రూ ఆలోచించేవాళ్లకు కావలసింది పెడికిల్ వెడల్పు కాదు, ఇస్త్మస్ (పార్స్‌లో సన్నబడ్డ చోటు) ఎత్తు. సీటీలో వెన్నుపాము కాలువ గోడ నుంచి 3 మి.మీ. బయటికి జరిగి, ఆ సజిటల్ కోతలో (ముందు నుంచి వెనక్కి నిలువుగా కోసినట్టు) చూస్తారు. ఇస్త్మస్ ఎత్తు 5 మి.మీ. లేదా అంతకు తక్కువ ఉన్నా, ధమని గుంట కప్పు నుంచి పై కీలుతలం దాకా ఉన్న ఎముక 2 మి.మీ. లేదా అంతకు తక్కువ ఉన్నా, దాన్ని హై రైడింగ్ ఆర్టరీ అంటారు. ఇదేమీ అరుదైన వింత కాదు. ఓపీలో వరసగా కూర్చున్నవాళ్లలో ఒకరిద్దరికి ఉన్నా ఆశ్చర్యపోనక్కర్లేదు.

రెండోది పెడికిల్ స్క్రూ. సీ1కి, సీ2కి విడివిడిగా స్క్రూలు వేసి ప్లేటుతో కలిపే పద్ధతిని ముంబయికి చెందిన అతుల్ గోయెల్ బృందం 1994లో ప్రచురించింది. 2001లో హార్మ్స్, మెల్చర్ దాన్ని పాలీయాక్సియల్ (తల అటూ ఇటూ తిరిగే) స్క్రూలు, రాడ్లతో చేసి చూపించారు. ఇప్పుడు చాలాచోట్ల ఇదే మామూలు పద్ధతి. ప్రపంచమంతా వాడే ఒక ఆపరేషన్ తొలి అడుగు మన దేశంలో పడిందని క్లాసులో చెప్పినప్పుడు పిల్లలు కాస్త నిటారుగా కూర్చుంటారు. ఈ స్క్రూకు కావలసినవి పెడికిల్ వెడల్పు, ఎత్తు, లోపలివైపు ఎంత వాలి ఉంది, పైకి ఎంత వాలి ఉంది అన్నవి. మామూలుగా వాడే స్క్రూ వ్యాసం 3.5 మి.మీ. చుట్టూ అర మిల్లీమీటరు గోడ మిగలాలన్నా వెడల్పు 4.5 ఉండాలి.

మూడోది పార్స్ స్క్రూ. దారి దాదాపు ట్రాన్స్‌ఆర్టిక్యులర్ స్క్రూదే కానీ మధ్యలో ఆగిపోతుంది, ధమని రంధ్రం దాకా పోకుండా. చాలామంది 16 మి.మీ. దగ్గర ఆపుతారు. దీనికి వెడల్పు కన్నా పొడవే ప్రాణం. దూరే చోటు నుంచి ధమని గుంట వెనక గోడ దాకా ఎంత దూరం ఉందో అదే కొలవాలి. చాలా థీసిస్‌లలో ఈ ఒక్క కొలతే కనపడదు.

నాలుగోది లామినాలో, అంటే వెన్నుపాము వెనక కప్పులా ఉండే ఎముక పలకలో, అడ్డంగా వేసే స్క్రూ, 2004లో రైట్ రాసింది. ధమనికి దూరం కాబట్టి ఆ భయం లేదు. ఇక్కడ లామినా మందం, ఎత్తు రెండూ కావాలి, ఎందుకంటే కుడి నుంచి ఒకటి, ఎడమ నుంచి ఒకటి, ఒకదాని మీద ఒకటి దాటుకుంటూ పోతాయి. రెండు స్క్రూల లావూ, మధ్య కాస్త ఖాళీ ఆ ఎత్తులో ఇమడాలి. లోపలి గోడ చిల్లుపడితే మాత్రం అవతల వెన్నుపామే. లామినా తీసేయాల్సిన రోగికి ఈ దారి ఎలాగూ లేదు.

ఇక సీ3 నుంచి సీ6 దాకా కథ వేరు. అక్కడ పెడికిళ్లు సన్నం, పక్కనే ధమని. అందుకే ఎక్కువమంది లాటరల్ మాస్‌లో, అంటే పూస పక్కన కీలుతలాల మధ్య ఉండే ఎముక దిమ్మలో, స్క్రూ వేస్తారు. సీ7లో లాటరల్ మాస్ పల్చబడుతుంది. దాని రంధ్రంలో ధమని సాధారణంగా ఉండదు కాబట్టి పెడికిల్ వైపు మొగ్గుతారు. థీసిస్‌కు ఏడు పూసలూ కొలుస్తానని వచ్చేవాళ్లకు నేను చెప్పేది, ఒక్క పూస పట్టుకుని గట్టిగా కొలవండి అని.

ఎండు ఎముక: చేతికి ఇది నేర్పినట్టు ఏదీ నేర్పదు

ఒక ఆక్సిస్‌ను ఎడమచేతిలో పట్టుకోండి, డెన్స్ (పన్నులాంటి మొన) పైకి, స్పైనస్ ప్రాసెస్ (వెనక ముల్లు) మీ వైపు. పై కీలుతలం ముందుకి ఉంటుంది, కింది కీలుతలం వెనక్కి. ఈ రెండిటినీ కలిపే నడుములాంటి భాగం పార్స్. పై కీలుతలం కిందుగా, రంధ్రానికి లోపలి పక్కన, ముందుకు నడిచి బాడీలో (ముందు దిమ్మలో) కలిసేది పెడికిల్. బొమ్మలో రెండూ ఒకటే అనిపిస్తాయి. ఇప్పుడు ఎముకను తిరగేసి రంధ్రంలోంచి చిటికెనవేలి కొనను పోనిచ్చి చూడండి. పైకి గుంట తగులుతుంది. కొన్ని ఎముకల్లో ఆ గుంట కప్పు ఎంత పల్చన అంటే, ఫోన్ టార్చి కింద పెడితే కీలుతలం మీద మసక వెలుతురు కనిపిస్తుంది. అది ఒకసారి చూసినవాళ్లకు హై రైడింగ్ అంటే ఏమిటో మళ్లీ చెప్పక్కర్లేదు.

ఖర్చు తక్కువ, కరెంటు అక్కర్లేదు, ఎవరి అపాయింట్‌మెంటూ అక్కర్లేదు. డిజిటల్ వెర్నియర్ మీద 0.01 మి.మీ. దాకా అంకె కనిపిస్తుంది. ఆ రెండో దశాంశాన్ని చూసి మురిసిపోవద్దు. దవడలు ఎముక మీద ఎక్కడ ఆనించారన్న దానిలోనే రెండు మూడు పదో వంతుల తేడా వచ్చేస్తుంది. ఇంటర్ ఫిజిక్స్ ప్రాక్టికల్‌లో శూన్యాంశ దోషం చూడకుండా కొలిస్తే సార్ మార్కులు కోసేవారు. నేను పీజీలో ఉన్నప్పుడు ఆ పాఠం మరిచిపోయి నలభై ఎముకలు కొలిచాక, దవడలు మూసి చూస్తే అంకె సున్నా మీద లేదు. ఆ నలభైనీ మళ్లీ కొలిచాను. అప్పటి నుంచి ప్రతి పది ఎముకలకొకసారి మూసి చూడటం అలవాటైంది.

లోపాలు కూడా తక్కువేం కాదు. ఎముక ఎవరిదో, ఆడో మగో, వయసెంతో తెలియదు. ఇదివరకు మన దేశం నుంచి విదేశాలకు అస్థిపంజరాలు పెద్ద ఎత్తున ఎగుమతయ్యేవి, 1985లో ప్రభుత్వం దాన్ని నిషేధించింది. కాలేజీల్లో తిరిగే బోన్ సెట్లు చాలావరకు సీనియర్ల నుంచి జూనియర్లకు చేతులు మారుతూ వచ్చినవే. ఏ ఊరివో ఎవరికీ గుర్తుండదు. అలాంటి సంచిలోంచి తీసిన ముప్ఫై ఎముకల మీద "ఆంధ్రప్రదేశ్ జనాభాలో" అని టైటిల్ పెట్టేవాళ్లను చూస్తే నాకు చిరాకు. చేతులు మారి మారి అంచులు అరిగి ఉంటాయి, రంధ్రం పల్చటి గోడ విరిగి ఉంటుంది, వార్నిష్ పూసినవాటికి పైపొర మందమూ కలుస్తుంది. ఎండిన ఎముక కాస్త ముడుచుకుంటుంది కూడా. లోపల స్పాంజి ఎముక ఎంత, గట్టి గోడ ఎంత అన్నది వెర్నియర్ చెప్పలేదు.

మన దగ్గర ఇంకో చిక్కు ఉంది. నల్లగొండ, ప్రకాశం జిల్లాల్లోని ఫ్లోరోసిస్ ప్రాంతాల ఎముకలైతే ఒళ్లంతా గరుకుగా, లిగమెంట్లు అతుక్కునే చోట్ల ముళ్లలా పెరిగి ఉంటాయి. వాటిని కలిపి సగటు తీస్తే మందం ఎక్కువ చూపిస్తుంది. అలాంటివి పక్కన పెట్టి విడిగా రాయాలి.

సీటీ: సరిగ్గా తీస్తేనే సీటీ

రోగి మీద నిర్ణయం తీసుకోవాలంటే సీటీకి పోటీ లేదు. వయసు తెలుసు, ఆడామగా తెలుసు, ఎముక లోపలా బయటా కనిపిస్తుంది. వేరే కారణానికి ముందే తీసిన స్కాన్లు వాడితే ఎవరికీ అదనపు రేడియేషన్ లేదు. థీసిస్ కోసమని ఆరోగ్యవంతుల మెడకు సీటీ తీయిస్తానంటే మాత్రం ఎథిక్స్ కమిటీ ఒప్పుకోదు, ఒప్పుకోకూడదు కూడా.

ఇందులో తప్పులు ఎక్కడ జరుగుతాయంటే, మొట్టమొదట స్లైసు మందంలో. 4 మి.మీ. పెడికిల్‌ను 3 మి.మీ. స్లైసుల్లో కొలవడమంటే, కొబ్బరికాయ కొట్టే కత్తితో నిమ్మకాయ తొక్క తీయడమే. ఎముకా, పక్కన మెత్తటి కండా ఒకే గడిలో కలిసిపోయి అంచు ఎక్కడుందో మసకబారుతుంది. 1 మి.మీ. లేదా అంతకు సన్నం కావాలి. చాలా ఆసుపత్రుల్లో స్థలం చాలదని సన్న స్లైసులు కొన్నాళ్లకు తీసేసి మందపువే దాచుకుంటారు. అందుకే నేను పిల్లలకు చెప్పేది, సినాప్సిస్ (థీసిస్ ప్రతిపాదన) రాయకముందే సీటీ టెక్నీషియన్ దగ్గరకు వెళ్లి టీ తాగండి అని. ఏ సిరీస్ ఎన్నాళ్లు ఉంచుతారో ఆయనకు తెలిసినంత ఇంకెవరికీ తెలియదు. నా శిష్యుడొకడు నూట ఇరవై కేసుల లిస్టు రాసుకుని వెళ్తే వాటిలో సన్న స్లైసులు మిగిలినవి ఇరవై లోపే.

రెండోది కోత కోణం. ములక్కాడను ఏటవాలుగా కోస్తే ముక్క ముఖం పొడుగ్గా కనిపిస్తుంది కదా, పెడికిల్‌కూ అంతే. మెషిన్ ఇచ్చిన మామూలు కోతలో కొలవకూడదు, కోతను పెడికిల్ నడిచే దిశకు తిప్పుకోవాలి. 30 డిగ్రీలు పక్కకు ఉంటే 5 మి.మీ. ఉన్నది దాదాపు 5.8గా కనిపిస్తుంది. ఆ 0.8లోనే స్క్రూ పట్టే పెడికిల్‌కీ, పట్టనిదానికీ తేడా ఉంది. 3డీ స్లైసర్ అనే సాఫ్ట్‌వేర్ ఉచితం, దానిలో ఈ తిప్పుడంతా ఇంట్లో లాప్‌టాప్ మీదే చేసుకోవచ్చు. స్కాన్లలో రోగి పేరు, నంబరు తీసేశాకే ఇంటికి తీసుకెళ్లాలని వేరే చెప్పాలా?

మూడోది విండో, అంటే స్క్రీన్ మీద నలుపు తెలుపుల అమరిక. మెత్తటి కణజాలం చూసే విండోలో ఎముక ఉబ్బినట్టు లావుగా కనిపిస్తుంది. బోన్ విండో పెట్టి, దాని అంకెలు పుస్తకంలో రాసుకుని, చివరి కేసు దాకా మార్చకుండా కొలవాలి.

స్కాన్ల ఎంపికలోనూ ఒక వంకర ఉంది. మన ట్రామా వార్డుల్లో మెడ సీటీ తీయించుకునేది ఎక్కువగా బైకు మీంచి పడ్డ కుర్రాళ్లు. వాళ్లనే కొలిస్తే అరవై దాటిన ఆడవాళ్ల సంగతి ఏమీ తెలియదు. కీళ్లవాతంతో సీ1, సీ2 బిగించుకోవాల్సి వచ్చేవాళ్లలో వాళ్లే ఎక్కువ.

మిగిలినవి

ఎక్స్‌రే గురించి పెద్దగా చెప్పేది లేదు. పెద్దదిగా చూపిస్తుంది, ఒకదాని మీద ఒకటి పడుతుంది. కొలతకు పనికిరాదు, వంకర చూడటానికి పనికొస్తుంది. ఎమ్మారైలో వెన్నుపాము బాగా కనిపిస్తుంది, ఎముక గట్టి గోడ మాత్రం నల్లటి గీతలా ఉండి అంచు తేలదు. ధమని ఏ పక్క పెద్దదో, ఏ పక్క సన్నదో తెలియాలంటే సీటీ యాంజియో. ఒక పక్క ధమని సన్నగా ఉంటే, అవతలి పక్కదానికి దెబ్బ తగలడం ఎంత ప్రమాదమో వేరే చెప్పక్కర్లేదు. హై రైడింగ్ అని అనుమానం వచ్చిన ప్రతి కేసుకూ అది అడగమనే నా సలహా.

3డీ ప్రింట్ మోడల్ గురించి ఇప్పుడు అందరికీ సరదా. పుట్టుకతోనే వంకరగా ఉన్న పూసలకు, సీ1 పుర్రెకు అతుక్కుపోయినవాళ్లకు, ఆపరేషన్‌కు ముందు ఆ మోడల్‌ను చేత్తో తిప్పి చూసుకోవడం నిజంగా గొప్ప సాయం. కొలతకు మాత్రం అది సీటీ కొడుకే, తండ్రి తప్పులన్నీ దానికీ వస్తాయి, పైగా సొంతవి రెండు చేరతాయి. కంప్యూటర్‌లో ఎముకను వేరుచేసేటప్పుడు హద్దు కాస్త ఎక్కువ పెడితే రంధ్రం పల్చటి గోడ చిల్లులు పడి కనిపిస్తుంది, తక్కువ పెడితే ఎముకంతా బొద్దుగా తయారవుతుంది. ఇంకొక మాట. ప్రింటర్లలో వాడే మామూలు పీఎల్ఏ ప్లాస్టిక్ 60 డిగ్రీలకే మెత్తబడుతుంది, ఆటోక్లేవ్‌లో (వేడి ఆవిరితో పనిముట్లను శుద్ధిచేసే యంత్రంలో) పెడితే ముద్దవుతుంది. ఆపరేషన్ థియేటర్‌లోకి తీసుకెళ్లాలనుకుంటే ముందే అడిగి వేరే ముడిసరుకుతో చేయించుకోవాలి.

మరి ఏది ఎంచుకోవాలి?

అనాటమీ పీజీ అయి, చేతిలో యాభై దాకా మంచి ఎముకలుండి, రేడియాలజీ వాళ్లతో సఖ్యత లేకపోతే ఎండు ఎముకలే తీసుకోండి. కానీ టైటిల్‌లో జనాభా పేరు పెట్టకండి, పార్స్ స్క్రూ పొడవు, లామినా ఎత్తు లాంటి ఎవరూ పట్టించుకోని కొలతలు తీయండి. ఆర్థో, న్యూరోసర్జరీ పీజీలైతే సందేహం వద్దు, సీటీ. వీలుంటే నేను మెచ్చేది మూడో దారి. పదిహేను ఇరవై ఎండు ఎముకలను వెర్నియర్‌తో కొలిచి, వాటినే సీటీ తీసి, స్క్రీన్ మీద మళ్లీ కొలవండి. ఎండు ఎముకకు రేడియేషన్ భయం లేదు కదా. మీ కన్ను ఎటు తప్పుతోందో అక్కడే బయటపడుతుంది. ఆ తర్వాతే రోగుల స్కాన్లు మొదలుపెట్టండి.

ఏది ఎంచుకున్నా రెండుసార్లు కొలవాలి, మధ్యలో కనీసం రెండు వారాలు ఎడం ఉండాలి, మొదటి అంకెలు చూడకూడదు. ఇంకొకరి చేత కొన్ని కొలిపించాలి. రెండిటి మధ్య తేడాను బ్లాండ్, ఆల్ట్‌మన్ గ్రాఫ్‌గా గీయండి, ఊరికే కోరిలేషన్ 0.9 వచ్చిందని రాస్తే గైడ్ ఊరుకున్నా ఎగ్జామినర్ ఊరుకోరు. కుడి ఎడమలు కలిపి నలభై ఎముకలను ఎనభైగా లెక్కెయ్యకండి, అవి ఒకే మనిషివి.

సగటు ఒక్కటే రాసి వదిలేయకండి. ఐదు పెడికిళ్లు 7, 7.5, 8, 6.5, 3.5 అనుకోండి. సగటు 6.5, చూడ్డానికి హాయిగా ఉంటుంది. ఆ ఐదో మనిషికి 3.5 మి.మీ. స్క్రూ వేస్తే గోడే మిగలదు. సర్జన్ మీ పేపర్లో వెతికేది, 4.5 కన్నా తక్కువ ఎన్ని ఉన్నాయి, రెండు పక్కలా తక్కువ ఉన్నవి ఎన్ని, ఒక పక్కే ఉన్నవి ఎన్ని అని. ఆ పట్టిక ముందు పెట్టండి. ఆపరేషన్ చేయబోయే రోగి విషయంలో మాత్రం ఆ పట్టిక కూడా పక్కకే, ఆ మనిషి సీటీ ఒక్కటే లెక్క, కుడి వేరు, ఎడమ వేరు.

ఆ గుడ్డసంచి అమ్మాయి ముప్ఫై ఒక్క ఎముకలనూ మొదటి నుంచి కొలిచింది. ఈసారి పెన్సిల్‌తో ప్రతి దాని మీదా పెడికిల్ హద్దు గీసుకుని మరీ. సగటు ఎంత తగ్గిందో ఇప్పుడు గుర్తులేదు కానీ ఒక ఎముక బాగా గుర్తుంది. కుడివైపు 6.8, ఎడమవైపు 3.1. ఎడమ గుంటలో నా చిటికెనవేలు మొదటి కణుపు దాకా దూరింది. దాన్ని దూది పెట్టిన అట్టపెట్టెలో విడిగా దాచాం, మూత మీద స్కెచ్‌పెన్‌తో "ఎడమ చూడు" అని రాసి ఉంటుంది. కొత్తగా చేరిన పీజీలకు ఆపరేషన్ పాఠం చెప్పేరోజు మా సర్జన్ గారు ఫోన్ చేసి అడిగేది ఆ పెట్టె గురించే.